ఎంత కడిగితే శుభ్రం?

ఆమెకు పెట్టిన పేరు వేరే ఉంది. దాన్ని జీతం చిట్టీ తప్ప ఇంకెవరూ వాడరు. ఇంట్లోనూ, ఆఫీసులోనూ, ముఖం మీదా, వెనకాలా ఆమె ఎంతమ్మే. మాటలు వచ్చిన కొత్తలో పిల్లలందరూ ‘ఎందుకు’ అని అడిగి పెద్దవాళ్ళ ప్రాణం తీస్తారు. ఈ పిల్ల ‘ఎంత’ అని అడిగి తీసింది. కూరలో ఉప్పు ఎక్కువైందని నాన్న అంటే “ఎంత ఎక్కువ?” అనేది. వాన బాగా పడిందని పక్కింటావిడ అంటే “బాగా అంటే ఎంత?” అనేది. బడిలో టీచరమ్మ ఒకసారి “నీ అల్లరి మరీ ఎక్కువైపోతోంది” అని చెవి పట్టుకుంటే, చెవి విడిపించుకునే ప్రయత్నమైనా చేయకుండా “నిన్నటికంటే ఎంత ఎక్కువండీ?” అని అడిగిందట. ఆ రెండో చెవి కూడా పోయింది కానీ అలవాటు పోలేదు.

ఆ అలవాటుతోనే రసాయనశాస్త్రం చదివింది. భూమి కింద నీళ్ళలో ఏది ఎంత కలిసిందో తేల్చే ఆఫీసులో ఉద్యోగం తెచ్చుకుంది. ఆ అలవాటుతోనే పెళ్ళీ జరిగింది. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు ఒకడు, ఆఫీసు లిఫ్టు మూడో అంతస్తులో ఇరుక్కున్నప్పుడు పరిచయమైనవాడు, కొన్నాళ్ళకు ధైర్యం చేసి “నువ్వంటే నాకు చాలా ఇష్టం” అన్నాడు. ఆమె నోరు తెరిచేలోపే, “ఆరుగురు మనుషులు, నాలుగువందల యాభై కిలోలు. అంతకు మించితే గంట మోగుతుంది” అని తనే చెప్పేశాడు. ఎంతమ్మకు జీవితంలో అడక్కుండా జవాబు దొరకడం అదే మొదటిసారి. కాదనడానికి ఏమీ కనబడలేదు.

పాప పుట్టాక ఇద్దరూ ఎంతమ్మ పుట్టింటికే వచ్చి చేరారు. ఉద్యోగానికి వెళ్తే నాలుగు నెలల పిల్లను చూసుకునేవాళ్ళు కావాలి కదా. ఆ ఇల్లు పాత ఎరువుల ఫ్యాక్టరీ కాలనీలో ఉంది. ఎత్తు మీద కాలనీ, దాని కింద ఏటవాలులో ఫ్యాక్టరీ, ఆ కింద దిగువవీధి. నాన్న ఆ ఫ్యాక్టరీలో సంచులు నింపే విభాగంలో పనిచేసి, అది మూతపడ్డాక ఇంటి వెనక పెరట్లో గుమ్మడికాయలు పండిస్తూ విశ్రాంతి తీసుకుంటున్నాడు. విశ్రాంతి అని ఆయన అంటాడు. తెల్లారితే పార పట్టుకునే మనిషి.

సరిగ్గా ఆ ఫ్యాక్టరీ పనే ఎంతమ్మ బల్ల మీదకు వచ్చి పడింది.

పని వినడానికి చిన్నది. ఫ్యాక్టరీ మూతపడి పదేళ్ళు దాటింది. కంపెనీ ఆ స్థలాన్ని శుభ్రం చేసి ఇవ్వాలి. కానీ ఎంత కడిగితే శుభ్రం? ఆ గీత ఎక్కడ గీయాలి? మట్టిలో ఇంతకంటే ఎక్కువ ఉండకూడదు, నీళ్ళలో ఇంతకంటే ఎక్కువ ఉండకూడదు అని ఒక సంఖ్య చెప్పాలి. ఆ సంఖ్య చెప్పేది ఆఫీసు, లెక్క కట్టేది ఎంతమ్మ. పుట్టినప్పటినుంచీ లోకాన్ని అడుగుతున్న ప్రశ్నను లోకం ఇప్పుడు ఆమెనే అడుగుతోంది. ఇంతకంటే తగిన మనిషి దొరకదని అందరూ అన్నారు. మొదటి సమావేశం అయ్యేదాకా ఆమె కూడా అలాగే అనుకుంది.

ఆ సమావేశం పురపాలక సంఘం హాల్లో పెట్టారు. మైకు పనిచేస్తే ఫ్యాను పనిచేయదు, ఫ్యాను పనిచేస్తే మైకులో ఫ్యానే వినబడుతుంది. ఒకవైపు కంపెనీ తరఫు లాయరు. ఇస్త్రీ మడత నలగని మనిషి, మాట అంతకంటే నలగదు. ఇంకోవైపు దిగువవీధి జనం. వాళ్ళ తరఫున మాట్లాడేది ఒక దర్జీ. మెడలో టేపు తీయడం మరిచిపోయి వచ్చాడో, కావాలనే ఉంచుకున్నాడో తెలియదు.

“ఎంత ఉండొచ్చు అని మీరు మమ్మల్ని అడగడమేంటమ్మా?” అన్నాడు దర్జీ. “సున్నా ఉండాలి. విషం ఎంత తాగుతారు అని ఎవరైనా అడుగుతారా?”

“సున్నా ఎక్కడా ఉండదండీ. వాన నీళ్ళలోనూ నైట్రేట్ కొంచెం ఉంటుంది” అంది ఎంతమ్మ.

“ఎంత?” అన్నాడు దర్జీ.

హాల్లో ఆమె ఆఫీసువాళ్ళు తలలు దించుకుని నవ్వుకున్నారు. ఎంతమ్మ జవాబు చెప్పింది. చెప్పాక అతను, “అదే, సున్నా కాదన్నమాట. అంటే మీరు కంపెనీ మనిషి” అని తేల్చేశాడు.

లాయరు గొంతు సవరించుకున్నాడు. “మేడం, అది ఫ్యాక్టరీ స్థలం. రేపు కూడా ఏ గోడౌనో వస్తుంది. గోడౌన్‌లో ఎవరు నేల నాకుతారు? గట్టి మగవాడు, ఎనభై కిలోల మనిషి, పగలంతా పనిచేసి ఇంటికి పోతాడు. అతన్ని పెట్టుకుని లెక్క వేయండి.”

“భూమి కింద నీళ్ళు అయిదు గంటలకు డ్యూటీ దిగి ఇంటికి పోవు కదండీ” అంది ఎంతమ్మ. “కిందికి పోతాయి. దిగువవీధిలో చేతిపంపులున్నాయి.”

దర్జీ టేపు చివర పట్టుకుని వేలికి చుట్టుకుంటూ, “అదే అడుగుతున్నాను. కొలత అన్నాక ఎవరి ఒంటికో తీయాలి కదా. మీ కొలత ఎవరి ఒంటికి తీశారు?” అన్నాడు.

అది అసలు ప్రశ్న. ఎంతమ్మ దగ్గర దానికి జవాబు ఉంది, అదే చెప్పింది. లెక్కలో ఒక పాప ఉంది. కాగితం మీద మాత్రమే ఉన్న పాప. వయసు ఆరు నెలల లోపు, సీసా పాలు తాగుతుంది. ఆ పాల పొడిని కలిపేది బావి నీళ్ళతో. ఎరువు నుంచి వచ్చే నైట్రేట్ ఆ నీళ్ళలో ఎక్కువగా ఉంటే నెలల పిల్ల రక్తం ప్రాణవాయువును సరిగ్గా మోయలేదు. పెదాలు, గోళ్ళు నీలం తిరుగుతాయి. పెద్దవాళ్ళు అవే నీళ్ళు తాగి తేన్చి తిరుగుతారు. అందుకే గీత ఆ పాప దగ్గర గీస్తారు: లీటరుకు యాభై మిల్లీగ్రాములు. మట్టి లెక్క కూడా అక్కడినుంచే పుడుతుంది. వానకు కరిగి దిగి నీళ్ళను ఆ గీత దాటించేంత ఎరువు ఏ మట్టిలో ఉంటే ఆ మట్టిని తవ్విపోయాలి.

“యాభై మంచిదేనా?” అన్నాడు దర్జీ, మొదటిసారి అనుమానం తగ్గించుకుని.

“ఆ పాపకు మంచిదైతే అందరికీ మంచిదే.”

అక్కడితో ముగిస్తే కథ బాగుండేది. కానీ నియమాల పుస్తకంలో ఒక తోక ఉంది. ఆ చోట నేల స్వభావంవల్లే, ఎవరూ ఏమీ చేయకముందే నీళ్ళలో యాభై కంటే ఎక్కువ ఉంటే, ఆ సహజస్థాయే గీత అవుతుంది. ప్రకృతి కంటే శుభ్రంగా కడగమని ఎవరినీ అడగలేరు. న్యాయమే. కాబట్టి ఫ్యాక్టరీ నీరు చేరని ఎగువ బావుల్లో కొలవాలి. ఎగువన ఉన్నది కాలనీ. నీళ్ళు పల్లానికి పోతాయి కానీ మెరకకు ఎక్కవు. కాలనీలో ఎనిమిది బావులను ఎంతమ్మే ఎంచుకుంది. అందులో ఒకటి వాళ్ళ ఇంటిదే.

ఫలితాల సగటు ఎనభై రెండు వచ్చింది.

ఎంతమ్మ సీసాలు మారాయేమోనని మళ్ళీ పంపింది. మళ్ళీ ఎనభై రెండు పక్కనే వచ్చింది. ఫ్యాక్టరీ దిగువ సరిహద్దులో తొంభై. అంటే ప్రకృతికీ ఫ్యాక్టరీకీ ఎనిమిదే తేడా. గీత ఎనభై రెండు దగ్గర పడితే కంపెనీ రెండు గుంటలు పూడ్చి, గేటుకు రంగు వేసి వెళ్ళిపోవచ్చు. దిగువవీధి చేతిపంపులు అలాగే ఉంటాయి.

లాయరు ఆఫీసుకు మిఠాయి డబ్బా పట్టుకొచ్చాడు. ఎవరూ ముట్టుకోకూడదని నియమం ఉంది కాబట్టి అది పెద్దసారు బల్ల మీద చీమలు పట్టేదాకా ఉంది.

“సంతకం పెట్టేయమ్మా” అన్నాడు పెద్దసారు. ఉద్యోగంలో ఆఖరి ఏడాది ఆయనది. గొడవలేని సంఖ్య ఏదైనా ఆయనకు అందమైన సంఖ్యే. “నేల స్వభావం. మనమేం చేస్తాం?”

“ఏ స్వభావం సార్? కాలనీ కింద ఉన్నది ఉత్త బండ. బండలోంచి నైట్రేట్ ఎలా వస్తుంది?”

“నీకు తెలియనివి భూమిలో చాలా ఉంటాయి.”

“చాలా అంటే ఎంత సార్?”

“ఎంతమ్మా, వెళ్ళమ్మా” అన్నాడాయన రెండు చేతులూ జోడించి.

వారం రోజులు ఆమె కారణాల వెంట పడింది. పాత మురుగు గుంటలు? లెక్క చాలదు. గబ్బిలాల రెట్ట? నవ్వారు. ఏ దారిన వెళ్ళినా కొండను తవ్వినంత పనయ్యేది, ఎలుక కూడా దొరికేది కాదు. విసిగి, తలనొప్పితో ఒకరోజు మధ్యాహ్నమే ఇంటికి వచ్చేసింది.

వంటగదిలో అమ్మ పాపకు పాలు కలుపుతోంది. పాప కోసం ఎంతమ్మ కొని తెచ్చే నీళ్ళ క్యాను మూలన ఉంది. దాని మీద పీట, పీట మీద పప్పుల డబ్బా. సీలు తీయలేదు.

“అమ్మా, ఇది ఎప్పుడు తెచ్చిన క్యాను?”

అమ్మ చెంచా తిప్పడం ఆపలేదు. “ఏదో ఒకప్పుడు.”

“పాపకు ఏ నీళ్ళు కలుపుతున్నావు?”

“మన బావి నీళ్ళే. క్యాను నీళ్ళు చచ్చిన నీళ్ళే, వాటిలో ఏముంటుంది? నువ్వూ ఈ నీళ్ళే తాగి పెరిగావు. ఏమైంది నీకు? బుర్ర కొంచెం తిరిగింది, అంతే కదా.”

“ఎప్పటినుంచి?”

“నీ బుర్రా?”

“అమ్మా!”

“ఓ నాలుగు రోజులు. అంత మొహం పెట్టకు. బాగా మరిగించే పోస్తున్నాను. గిన్నెడు నీళ్ళు సగమయ్యేదాకా మరిగిస్తున్నా. నేనేమైనా చిన్నపిల్లనా?”

ఎంతమ్మ గోడకు ఆనుకుంది. మరిగిస్తే క్రిములు చస్తాయి. నైట్రేట్ చావదు. నీళ్ళు ఆవిరైపోతాయి, అది గిన్నెలోనే కూర్చుంటుంది. గిన్నెడు సగమైతే ఎనభై రెండు నూట అరవై నాలుగు. అమ్మ ఎంత జాగ్రత్త పడితే అంత చిక్కన. తను కాగితం మీద వారాల తరబడి జోకొట్టిన పాప వంటగదిలో, తన కడుపున పుట్టి, నోరు తెరుచుకుని సీసా కోసం చేతులు చాపుతోంది.

సీసా లాక్కుని పారబోసింది. పాప ఏడుపు అందుకుంది, అమ్మ అందుకుంది. “నా చేతి పాలు పారబోస్తావా? ఏమే, మేం పిల్లల్ని పెంచలేదా?” ఎంతమ్మ పాపను కిటికీ దగ్గరికి ఎత్తుకెళ్ళి పెదాలు చూసింది, గోళ్ళు చూసింది, మళ్ళీ పెదాలు చూసింది. డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తింది. ఆవిడ పాప వేలికి చిన్న క్లిప్పు పెట్టి చూసి, రక్తం కూడా పరీక్ష చేయించి, “బాగానే ఉందమ్మా. నీళ్ళు మార్చెయ్యండి” అంది. సాయంత్రం భర్త వచ్చాక కూడా ఎంతమ్మ దీపం కింద పాప గోళ్ళు చూస్తూనే ఉంది.

“పాప రంగు సరిగ్గానే ఉంది” అన్నాడతను మెల్లగా. “నీలంగా ఉన్నది నీ మొహమే. ఇటివ్వు, నేనెత్తుకుంటాను. నువ్వెళ్ళి గాలి పీల్చుకో.”

గాలి పీల్చుకోవడానికి పెరట్లోకి వెళ్ళింది. నాన్న చీకటి పడకముందే పని ముగించాలని సుత్తితో ఏదో పగలగొడుతున్నాడు. తెల్లటి గడ్డ. ముక్కలు పొడి చేసి గుమ్మడిపాదు మొదట్లో చల్లి చెంబుతో నీళ్ళు పోస్తున్నాడు. ఎంతమ్మ ఆ దృశ్యం తనకు ఊహ తెలిసినప్పటినుంచీ చూస్తోంది. ఎంతగా చూసిందంటే, దాన్ని చూడ్డం ఎప్పుడో మానేసింది.

“నాన్నా, అదేంటి?”

“ఇదా? ఊడ్పు! తెలీనట్టు అడుగుతావేంటి? చిన్నప్పుడు నువ్వూ దీన్ని తొక్కి కాళ్ళు మండి ఏడ్చేదానివి.”

ఊడ్పు. సంచులు నింపేటప్పుడు నేలమీద ఒలికిన యూరియాను సాయంత్రం ఊడ్చి కుప్ప పోసేవారు. దుమ్ము కలిసింది అమ్ముడుపోదు కాబట్టి, పనివాళ్ళు మనిషికో మూట ఇంటికి తీసుకెళ్ళొచ్చని కంపెనీ అనుమతి. అది పండగ బోనసు కన్నా నమ్మకమైన బోనసు. ఫ్యాక్టరీ మూసేసిన రోజున గేటు దగ్గర ఎవరూ లేకపోతే, ఊడ్చకుండానే, సంచులకు సంచులే ఎవరికి అందినవి వాళ్ళు తెచ్చుకున్నారు. అవి ఇప్పటికీ కాలనీలో ప్రతి పెరటి కొట్టంలోనూ గడ్డకట్టి ఉన్నాయి.

“ఒక్క మన ఇంట్లోనేనా?”

“ఊడ్పు తేని ఇల్లు ఈ కాలనీలో ఒక్కటి చూపించు, మీసం తీయిస్తాను” అన్నాడు నాన్న గర్వంగా.

యూరియా మట్టిలో చేరితే నైట్రేటే అవుతుంది. మురుగు గుంటల నుంచి గబ్బిలాల దాకా వెతికింది. నాన్న సుత్తి చప్పుడు రోజూ వింటూనే వెతికింది. నీళ్ళు మెరకకు ఎక్కవని పుస్తకం చదివింది. సైకిళ్ళు ఎక్కుతాయని ఏ పుస్తకమూ చెప్పలేదు. తను ఎంచుకున్న బావుల్లో కొలిచింది ప్రకృతిని కాదు, ఇరవై ఏళ్ళపాటు సైకిలు వెనక సీటు మీద మెరక ఎక్కిన ఫ్యాక్టరీనే.

మర్నాడు ఆఫీసులో ఆ మాట చెబితే పెద్దసారు కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. “అంటే మీ నాన్న గుమ్మడికాయల కోసం ఇన్నాళ్ళ పని చెత్తబుట్టలో వేయాలా?”

“సహజస్థాయి తప్పు సార్. బావులు ఎంచుకున్నది నేనే, తప్పు నాదే. కాలనీ దాటి గుట్ట వెనక కొత్త బోర్లు వేసి కొలవాలి.”

లాయరుకు ఈ సంగతి చేరింది. అతను నలగని చొక్కాతో వచ్చి, నలగని గొంతుతో, “మేడం ఇల్లు ఆ కాలనీలోనే ఉందని మాకు ఆలస్యంగా తెలిసింది” అన్నాడు. “కాలనీ కూడా కలుషితమని తేలితే కంపెనీ సొమ్ముతో ఎవరి బావి బాగుపడుతుంది? మేడం బావి. మాకేమీ అనుమానం లేదు. అడుగుతున్నామంతే.”

దాంతో పెద్దసారు ఆమెను సంతకం నుంచి తప్పించాడు. లెక్క నువ్వే కట్టు, పేరు మాత్రం నీది ఉండదు అన్నాడు. ఊడ్పు వాడకం గురించి కాలనీవాళ్ళెవరైనా చెబితేనే కొత్త బోర్ల సంగతి చూస్తానన్నాడు.

సరే, అడిగితే పోలా అనుకుంది ఎంతమ్మ. ఇల్లిల్లూ తిరిగింది. అదీ తప్పే. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ‘ఊడ్పు’ అనగానే ఎవరి కొట్టానికి వాళ్ళు తాళం వేసుకున్నారు. రోజువారీ మూట కంపెనీ ఇచ్చిందే. ఆఖరి రోజు సంచులు ఎవరిచ్చారు? క్రేను నడిపిన పక్కింటి మావయ్య, తనను చిన్నప్పుడు భుజాన మోసినాయన, తలుపు సగమే తీసి “యూరియానా? అదెలా ఉంటుందమ్మా?” అని అడిగాడు. ముప్ఫై ఏళ్ళు యూరియా ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి! పైగా బావులు చెడ్డాయంటే ఇళ్ళకు ధర పడిపోతుందని ఆడవాళ్ళు అమ్మను నిలదీశారు. అమ్మ వచ్చి ఎంతమ్మను నిలదీసింది. నాన్న అయితే మాట్లాడటమే మానేశాడు. అన్నం దగ్గర అల్లుడితో అంటాడు: “బాబూ, మీ ఆవిడతో చెప్పు. నన్ను దొంగను చేసింది చాలు, ఆ పచ్చడి ఇటు జరపమను.”

“మావయ్యా, పచ్చడి మీ ముందే ఉంది” అనేవాడు అల్లుడు.

“అయినా చెప్పు.”

ఎంతమ్మకు అరవాలనిపించేది. కంపెనీ వాళ్ళు అబద్ధమాడితే అర్థం చేసుకోవచ్చు. ఎవరి మనవల కోసం ఆ గీత గీస్తోందో వాళ్ళే నోరు కుట్టుకుంటే ఏం చేయాలి? దిగువవీధి దర్జీ ఒకరోజు దారిలో ఆపి, “ఎనభై రెండట కదా. మీ పాప కొలత పోయి బండ కొలత వచ్చిందా?” అన్నాడు. అతనికి చెప్పాల్సిన జవాబు ఇరవై మంది కాలనీ పెద్దమనుషుల గొంతుల్లో ఇరుక్కుని ఉంది.

ఆఖరి సమావేశం మళ్ళీ అదే హాల్లో. ఆ రోజు ఫ్యాను చెడిపోయింది కాబట్టి మైకు బాగా వినబడింది. సహజస్థాయిని ఒప్పుకుని గీత గీసేయడమే మిగిలింది. కాలనీవాళ్ళు ఒక వరుస నిండా కూర్చున్నారు, పరువు కాపాడుకోవడానికి. వాళ్ళ మధ్య నాన్న, చేతులు కట్టుకుని, కూతురి వైపు చూడకుండా.

ఎంతమ్మ చెప్పాల్సింది చెప్పింది. సాక్ష్యం ఉందా అని అడిగారు. కాలనీ వరుస వైపు చూసింది. వరుస మొత్తం పైకప్పు వైపు చూసింది.

లాయరు లేచాడు. గెలిచినవాడి దయతో మాట్లాడాడు. “పెద్దలను ఇబ్బంది పెట్టడం మాకిష్టం లేదు. అసలు విషయం చాలా సులువు. ఆ కాలనీ నేలే అంత బలమైన నేల. ప్రకృతి వరం. అక్కడ పెరళ్ళలో గుమ్మడికాయలు చూశాను. ఒక్కోటి ఇంత! ఎరువు లేదు, ఎవరి కష్టమూ లేదు. గింజ పడేస్తే చాలు, భూమే ఇచ్చేస్తుంది.”

నాన్న కట్టుకున్న చేతులు విప్పాడు.

“ఏమన్నారు?”

“అదేనండీ, గింజ పడేస్తే…”

“ఎవరి కష్టమూ లేదా?” నాన్న లేచి నిలబడ్డాడు. “ఆ నేల సంగతి మీకేం తెలుసయ్యా? మేం ఇంట్లో దిగినప్పుడు అది వట్టి బండ. గడ్డి మొలవలేదు. గునపం వేస్తే నిప్పులొచ్చేవి. ప్రకృతి ఇచ్చిందా? ప్రకృతి ఒక్క ఆకు ఇచ్చిందేమో అడగండి! ఇరవై ఏళ్ళు సైకిలు తొక్కి మోశాను ఊడ్పు, రోజుకో మూట. వానొచ్చినా మోశాను, జ్వరమొచ్చినా మోశాను. మూసేసిన రోజు సైకిలు చక్రం వంగిపోతే భుజాన వేసుకుని ఎక్కాను మెరక. నా గుమ్మడికాయ నాది! దాన్ని తీసుకెళ్ళి ప్రకృతి ఖాతాలో వేస్తారా?”

పక్కింటి క్రేను మావయ్య నాన్న చొక్కా పట్టుకుని లాగుతున్నాడు. “కూర్చోవయ్యా బాబూ, ఏం వాగుతున్నావు!”

“వాగడమేంటి? నీ టమాటాలు కూడా ప్రకృతే ఇచ్చిందంటాడు రేపు. ఊరుకుంటావా?”

క్రేను మావయ్య ఒక్క క్షణం ఆలోచించాడు. ఆ క్షణంలో అతని ముఖంలో భయం, గర్వం కుస్తీ పట్టడం ఎంతమ్మకు కనబడింది. తర్వాత అతనూ లేచాడు. “ఆ మాటకొస్తే నీ మూటలేం మూటలు? నేను తోపుడుబండి కట్టుకుని తెచ్చాను. నా టమాటా మొక్క కిటికీ ఎత్తు లేచింది!”

“లేచింది ఆకులేగా. కాయలేవి?” అన్నారు వెనకనుంచి ఎవరో. ఆయన కూడా కాలనీయే. ఆయన బండి ఇంకా పెద్దదట. ఇంకొకావిడ తన భర్త బతికుండగా తెచ్చినంత ఎవరూ తేలేదని కళ్ళు ఒత్తుకుంది. ఇల్లిల్లూ తిరిగినప్పుడు యూరియా ఎలా ఉంటుందని అడిగినవాళ్ళంతా ఇప్పుడు ఎవరు ఎక్కువ తెచ్చారని పోట్లాడుకుంటున్నారు. లాయరు చొక్కా మొదటిసారి చంకల కింద తడిసింది. పెద్దసారు ముఖానికి రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాడు. అది ఏడుపో నవ్వో ఆ రోజు ఎవరికీ తెలియలేదు.

ఎంతమ్మ వేదిక దిగి వచ్చింది. కోపం రావాలో, నవ్వు రావాలో తేల్చుకోలేకపోయింది. ఇన్నాళ్ళూ చదువు, పరీక్షలు, బతిమాలడం చేయలేనిది ఒక గుమ్మడికాయ పరువు చేసింది. ఆమె బల్ల మీద తెల్లబోర్డు పెన్ను తీసి, నాన్న ఎదురుగా నిలబడి, తనకు వచ్చిన ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

“ఎంత నాన్నా?”

ఎన్నో రోజుల తర్వాత ఆయన కూతురి కళ్ళలోకి చూశాడు. “రాసుకో” అన్నాడు.

గుట్ట వెనక, ఏ పెరడూ లేని చోట కొత్త బోర్లు వేశారు. సగటు ఏడు. బండ తన మానాన తను శుభ్రంగానే ఉంది. గీత పాప దగ్గరికి, యాభైకి తిరిగి వచ్చింది. ఫ్యాక్టరీ కింది మట్టి తవ్వడం, నీళ్ళు తోడి శుద్ధి చేయడం ఏళ్ళ పని. అందాకా దిగువవీధికీ, కాలనీకీ కంపెనీ ట్యాంకరు రావాలని తీర్మానించారు. నివేదిక మీద పెద్దసారు సంతకం ఉంది. ఎంతమ్మ పేరు ఎక్కడా లేదు. దర్జీ మాత్రం ఆఫీసుకు వచ్చి, పాప వయసెంతో కనుక్కుని, కొలత తీయకుండానే రెండు గౌన్లు కుట్టి ఇచ్చాడు. అవి పాపకు చాలా పెద్దవయ్యాయి. ‘చాలా’ ఎంతో ఎంతమ్మ అతనికి చెప్పింది. చెప్పకుండా ఉండలేదు.

అమ్మ ఇప్పుడు క్యాను నీళ్ళే వాడుతోంది. వాడిన ప్రతిసారీ “చచ్చిన నీళ్ళు” అని పైకి వినబడేలా అంటుంది. నీళ్ళతో పోట్లాడుతుందో, కూతురితోనో, తనతో తనేనో తెలియదు. సీసా కడిగాక పాప గోళ్ళ వైపు ఒకసారి చూస్తుంది, ఎవరూ చూడట్లేదనుకుని.

కొట్టంలోని గడ్డలన్నీ కంపెనీ లారీ ఎక్కాయి. నాన్న లారీ దాకా వెళ్ళి, కూలీలకు ఎలా ఎత్తాలో చెప్పి, వాళ్ళు వినకపోతే తిట్టి వచ్చాడు. ఆ ఏడు పాదుకు పేడా, ఎండుటాకులూ తప్ప ఏమీ పడలేదు. ఒకరోజు ఎంతమ్మ ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆయన వసారాలో కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో పాప, పాప ఒళ్ళో గుమ్మడికాయ. కాయ పాప తలకంటే చిన్నది. పాప దాని మీద రెండు చేతులతో తబలా వాయిస్తోంది.

“చూడు నీ గీత” అన్నాడు నాన్న నిష్ఠూరంగా. “చిన్నదైపోయింది.”

ఎంతమ్మ నోరు తెరిచింది.

“అడక్కు” అన్నాడు లోపలినుంచి భర్త.